ఎవరూ అచ్చు వేయని సంచిక

(ఆదివారం సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఎత్తారు. వినపడకపోతే ఎలా ఎత్తారండీ? సరే, కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఈ మైకుని నమ్ముకుంటే లాభం లేదు.

నా ముందు మాట్లాడినాయన కథానికలో శిల్పం గురించి ముప్పావుగంట చాలా బాగా చెప్పారు. ఆయన దిగిపోయాక నేనొచ్చి ప్యాంటు మీద చెడ్డీ వేసుకునే మగవాళ్ల గురించి చెప్పాలి. నిర్వాహకులకి నా మీద ఏం కోపమో తెలియదు.

ముందొక ప్రశ్న. ఎన్టీ రామారావు గారి ‘సూపర్ మేన్’ చూసినవాళ్లు ఇక్కడ ఎంతమంది? 1980లో వచ్చింది. నలుగురు, ఐదుగురు. ముందు వరసలో పెద్దాయన రెండు చేతులూ ఎత్తారు, రెండుసార్లు చూసుంటారు. ఆ సినిమాలో ఏమవుతుంది? పిల్లవాడి తల్లిదండ్రుల్ని దుండగులు చంపేస్తారు. ఇది ఎవరి కథ? బ్యాట్‌మాన్ కథ. ఆ పిల్లవాడు ఆంజనేయస్వామికి మొరపెట్టుకుంటాడు, స్వామి శక్తులిస్తాడు. ఇది మన కథ. పెద్దయ్యాక ఆ పేరు, ఆ వేషం, ఆ ఎగరడం? అది సూపర్‌మాన్. మూడిళ్ల సామాను తెచ్చి ఒకే ఇంట్లో సర్దేశాం. ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఏమండీ, మీకు అనిపించిందా? లేదు కదా. హనుమంతుడు ఇవ్వక ఇంకెవరిస్తారు అనుకున్నాం.

ఇదే పని అమెరికాలో చేయాలంటే రెండు పెద్ద కంపెనీలు, ఇరుపక్షాల లాయర్లు, ఏళ్లకేళ్లు పట్టింది. ఇవాళ నేను చెప్పబోయేది ఆ కలపడం గురించి. దాంతోపాటు నేను చెప్పిన ఒక అబద్ధం గురించి కూడా. అబద్ధం చివర్లో వస్తుంది, మధ్యలో లేచి వెళ్లిపోకండి.

కామిక్స్ చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. డీసీ అని ఒక కంపెనీ. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్, వండర్ ఉమన్ దానివాళ్లు. మార్వెల్ అని ఇంకొకటి. స్పైడర్‌మాన్, హల్క్, కెప్టెన్ అమెరికా, గోళ్లు బయటికొచ్చే వుల్వరిన్, వీళ్లంతా దానివాళ్లు. అప్పట్లో రెండు ఆఫీసులూ న్యూయార్కులోనే. బొమ్మలేసేవాళ్లు, కథలు రాసేవాళ్లు ఇందులో మానేసి అందులో చేరేవాళ్లు, అందులో మానేసి ఇందులో. పైన కంపెనీలు కొట్టుకుంటాయి, కింద పనివాళ్లు ఒకే టీ కొట్టు దగ్గర. మనకి తెలియని సంగతేం కాదు. కానీ పాత్రలు మాత్రం గోడ దాటకూడదు. సూపర్‌మాన్ ఎంత ఎగిరినా ఆ గోడ మీదుగా ఎగరకూడదు.

మొదటిసారి సూపర్ హీరోలు ఆ గోడ దాటింది 1976లో. సూపర్‌మాన్, స్పైడర్‌మాన్ ఇద్దరూ ఒకే పుస్తకంలో. మామూలు కామిక్ పావు డాలరో, ముప్ఫై సెంట్లో ఉండే రోజుల్లో దాని ధర రెండు డాలర్లు. సైజు కూడా పెద్దది, గోడ క్యాలెండరంత. జెర్రీ కాన్వే రాశాడు, రాస్ ఆండ్రూ బొమ్మలు, డిక్ జోర్డానో ఇంకు. అంతటితో ఆగలేదు. సూపర్‌మాన్ మొహాలు కొన్ని నీల్ ఆడమ్స్ దిద్దాడు, ముసుగు తీసిన స్పైడర్‌మాన్, అంటే పీటర్ పార్కర్, మొహాలు కొన్ని జాన్ రొమీటా దిద్దాడు. ఎందుకు? మావాడి మొహం మావాడి మొహంలాగే ఉండాలి అని. ఇద్దరు హీరోల సినిమాకి పనిచేసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకాయనకి రెండు పాటలుంటే రెండో ఆయనకీ రెండు పాటలు. ఒకాయన ఒకటి కొడితే రెండో ఆయనా ఒకటి కొట్టాలి. పోస్టర్ మీద అక్షరాలు స్కేలు పెట్టి కొలుస్తారు.

మరి ఆ పుస్తకంలో ఎవరు ఎవర్ని కొట్టారు? ఇక్కడే తమాషా. సూపర్‌మాన్ ముందు స్పైడర్‌మాన్ ఎంత? ఒక వేలికి చాలడు. అందుకని సూపర్‌మాన్ శత్రువు లెక్స్ లూథర్ ఎర్ర సూర్యుడి కిరణాల్లాంటివి ఏవో స్పైడర్‌మాన్ మీద ప్రయోగిస్తాడు. ఎర్ర సూర్యుడంటే సూపర్‌మాన్ బలం పనిచేయదు. దాంతో కాసేపు స్పైడర్‌మాన్ కొడితే సూపర్‌మాన్ గాల్లోకి లేచిపోతాడు. అయ్యింది, మార్వెల్ వాళ్లు సంతోషం. ఇప్పుడు సూపర్‌మాన్‌కి కోపమొచ్చి చెయ్యి విసురుతాడు. విసిరి, మనిషి చచ్చిపోతాడని ఆఖరి క్షణంలో ఆపుకుంటాడు. ఆ గుద్దు తగలదు. గుద్దు గాలి తగులుతుంది. ఆ గాలికే స్పైడర్‌మాన్ ఎగిరి ఎక్కడో పడతాడు. అయ్యింది, డీసీ వాళ్లూ సంతోషం. నవ్వుతున్నారు. తొడకొడితే ట్రెయిను వెనక్కి వెళ్లిన ఊరు మనది, మనం నవ్వకూడదు.

ఆ తర్వాత 1981లో బ్యాట్‌మాన్, హల్క్ కలిశారు. 1982లో మార్వెల్ ఎక్స్‌మెన్, డీసీ టీన్ టైటన్స్. ఆ వెనువెంటనే డీసీ జస్టిస్ లీగునీ మార్వెల్ అవెంజర్స్‌నీ కలుపుదామనుకున్నారు. జార్జ్ పెరెజ్ అని, వంద మందిని ఒకే బొమ్మలో ఇరికించినా ప్రతి మొహమూ గుర్తుపట్టేలా గీయగలిగినవాడు, ఇరవై పేజీల దాకా గీసేశాడు కూడా. కంపెనీల మధ్య చెడింది. ఆగిపోయింది. ఆ పేజీలు అలా ఉండిపోయాయి. ఆయన దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు 1996. కామిక్స్ వ్యాపారం నీరుగారిపోతున్న రోజులు. దాచుకుంటే ధర పెరుగుతుందని జనం ఒకే సంచిక పది కాపీలు కొన్నారు. పది కాపీలూ ప్రతివాడి దగ్గరా ఉంటే ధరెక్కడ పెరుగుతుంది? మన దగ్గర ప్లాట్లు కొన్నట్టే. షాపులు వరసగా మూతపడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో మార్వెల్ కోర్టుకెళ్లి దివాలా రక్షణ అడిగింది. అలాంటి ఏడాదిలో రెండు కంపెనీలూ చేతులు కలిపాయి. మరి కష్టాల్లోనే కదా పాలివాళ్లు గుర్తొచ్చేది?

నాలుగు సంచికల కథ. మొదటిదీ నాలుగోదీ డీసీ వేస్తుంది, రెండోదీ మూడోదీ మార్వెల్ వేస్తుంది. పేరు కూడా అంతే. వాళ్లు వేసినప్పుడు డీసీ ముందు, వీళ్లు వేసినప్పుడు మార్వెల్ ముందు. స్కేలు, చెప్పాను కదా. కథేమిటంటే, రెండు విశ్వాలకీ ఇద్దరు అన్నదమ్ములు అధిపతులు. ఒకరి సంగతి ఒకరు మరిచిపోయారు. గుర్తుకొచ్చాక పంతం. నీ వీరులు, నా వీరులు కొట్టుకుంటారు, ఓడిన విశ్వం మాయం. పదకొండు పోట్లాటలు. అందులో ఐదు, అసలైన ఐదు, పాఠకులే ఓటేసి తేల్చాలి. షాపుల్లో బ్యాలెట్ కాగితాలు పెట్టారు. నిజం బ్యాలెట్ కాగితాలండీ.

ఫలితాలు చెప్పనా? సూపర్‌మాన్ హల్క్‌ని ఓడించాడు. స్పైడర్‌మాన్ సూపర్‌బాయ్‌ని ఓడించాడు. బ్యాట్‌మాన్ కెప్టెన్ అమెరికాని ఓడించాడు. ఎలా? మురుగు కాలువలో కొట్టుకుంటుంటే ఒక్కసారిగా నీళ్లు ఉరికొచ్చి కెప్టెన్ తూలాడు, ఆ సందులో బ్యాట్‌మాన్ తన ఆయుధం విసిరాడు. అంటే బ్యాట్‌మాన్ కన్నా డ్రైనేజీ డిపార్టుమెంటు గొప్పదనం ఎక్కువ. నేను బ్యాట్‌మాన్ పక్షమే అయినా చెబుతున్నాను. మార్వెల్ వాళ్ల స్టార్మ్ వండర్ ఉమన్‌ని ఓడించింది. అది నాకిప్పటికీ మింగుడుపడదు. ఎందుకంటే అంతకుముందు వండర్ ఉమన్ చేతికి థోర్ సుత్తి దొరుకుతుంది. అర్హులు తప్ప ఎత్తలేని సుత్తి. ఆమె ఎత్తింది. ఎత్తి, అది చేతిలో ఉంటే ధర్మయుద్ధం కాదని పక్కన పెట్టేసింది. పెట్టి ఓడిపోయింది. ఓట్లు వేసేవాళ్లు ధర్మం చూస్తారా, చెప్పండి?

ఇక వుల్వరిన్, డీసీ వాళ్ల లోబో. ఇద్దరూ మొరటువాళ్లు, రక్తాలు కారాల్సిన పోట్లాట. ఏం చూపించారు? ఇద్దరూ కల్లు దుకాణం లాంటి బార్లో కౌంటర్ వెనక్కి పడతారు. మనకి ఏమీ కనపడదు. కాసేపటికి వుల్వరిన్ ఒక్కడే లేచి చుట్ట వెలిగిస్తాడు. అంతే! అంత ఎదురుచూసినవాడికి కౌంటర్ చెక్క చూపించారు. అటువైపు అభిమానులు ఇంకా ఆ మాటెత్తితే మండిపడతారు.

లెక్క చూస్తే పాఠకుల ఓట్లలో మార్వెల్‌కి మూడు, డీసీకి రెండు. మిగతా ఆరింటిలో మూడూ మూడూ. అంటే డీసీ విశ్వం మాయం కావాలి. కంపెనీ మాయం కానిస్తుందా? అక్కడ కథ మలుపు తిప్పారు. ఓడినవాడిని తీసేయకుండా ఇద్దరినీ కలిపేశారు. మూడో సంచిక ముగిసేసరికి రెండు విశ్వాలూ ఒకటైపోయాయి. బ్యాట్‌మాన్ లేడు, వుల్వరిన్ లేడు. ఇద్దరూ కలిసి డార్క్ క్లా. అసలు పేరు లోగన్ వేన్. బ్యాట్‌మాన్ శత్రువు జోకర్ లేడు, వుల్వరిన్ శత్రువు సేబర్‌టూత్ లేడు, ఇద్దరూ కలిసి హైనా. ఐరన్‌మాన్, గ్రీన్ లాంటర్న్ కలిసి ఐరన్ లాంటర్న్. కంపెనీ పేరు కూడా మారిపోయింది. అమాల్గమ్ కామిక్స్.

ఇక్కడొక్క నిమిషం పక్కకి వెళతాను. పదమూడో శతాబ్దం, నెల్లూరు. శైవులకీ వైష్ణవులకీ పడని రోజులు. మావాడు గొప్పంటే మావాడు గొప్ప. తిక్కన సోమయాజి భారతం రాస్తూ ఎవరికి అంకితమిచ్చాడు? హరికి కాదు, హరుడికి కాదు. హరిహరనాథుడికి. ఓటింగ్ పెట్టలేదు. నేను పోలిక తెస్తున్నానని పద్యం వచ్చిన పెద్దలు కోప్పడకండి, పోలిక దేవుళ్ల గురించి కాదు, భక్తుల గురించి. రెండు గుంపుల్లో ఎవరినీ ఓడించకుండా ఇద్దరినీ ఒకే పీట మీద కూర్చోబెట్టాలంటే ఏం చేయాలి అన్నది పాత చిక్కే అని చెబుతున్నాను.

సరే, అమాల్గమ్. ఒకే వారంలో పన్నెండు పుస్తకాలు వదిలారు. ఆరు డీసీ, ఆరు మార్వెల్. మళ్లీ 1997లో ఇంకో పన్నెండు. ఇరవై నాలుగులో అన్నీ బాగుంటాయా? బాగుండవు. డార్క్ క్లాకి బోలెడు అభిమానులున్నారు కానీ నాకెప్పుడూ ఎక్కలేదు. ముభావంగా ఉండే మనిషికి ఇంకో ముభావంగా ఉండే మనిషిని కలిపితే ఏమొస్తుంది? ముభావమే వస్తుంది. ఉల్లిపాయ కూరలో నంజుకోవడానికి ఉల్లిపాయ. కొన్ని పేరు కోసం పుట్టినవి. లోబోని తీసుకెళ్లి హోవర్డ్ అనే బాతుతో కలిపి లోబో ద డక్ అన్నారు. పేరు విని నవ్వుతాం, పుస్తకం తెరవక్కర్లేదు.

కానీ సూపర్ సోల్జర్. అది చదవాలి. మార్క్ వేడ్ రాశాడు, డేవ్ గిబ్బన్స్ గీశాడు. సూపర్‌మాన్ ప్లస్ కెప్టెన్ అమెరికా. ఎలా కలిపారో చూడండి. సూపర్‌మాన్ పసిబిడ్డగా రాకెట్‌లో భూమ్మీదకి వచ్చాడని మనకి తెలుసు. ఇక్కడ ఆ రాకెట్ కూలిపోతుంది. బిడ్డ చనిపోతాడు. ఆ బిడ్డ శరీరంలోంచి తీసిన కణాలతో ప్రభుత్వం మందు తయారుచేసి క్లార్క్ కెంట్ అనే మామూలు అమెరికా కుర్రాడికి ఎక్కిస్తుంది. ఎంత దిగులు కథో చూడండి. ఒకడు బతకడానికి ఒకడు రాకుండానే పోయాడు. తర్వాత రెండో ప్రపంచయుద్ధం, అల్ట్రా మెటాలో అనే రాక్షస యంత్రంతో పోరాటం, మంచులో గడ్డకట్టుకుపోవడం, దశాబ్దాల తర్వాత లేవడం. లెక్స్ లూథర్ కెప్టెన్ అమెరికా శత్రువు రెడ్ స్కల్‌తో కలిసి గ్రీన్ స్కల్ అయ్యాడు. అతుకు ఎక్కడుందో కనపడదు. కనపడకపోవడానికి కారణం, సూపర్‌మాన్, కెప్టెన్ అమెరికా మొదటినుంచీ ఒకే మనిషి. రెండు కంపెనీలూ రెండు రంగులేసి అమ్ముకున్నాయి అంతే.

ఇదంతా నాకు అప్పుడు తెలుసా? తెలియదు. ఓటింగూ తెలియదు, అన్నదమ్ములూ తెలియదు. నాకు తెలిసింది ఆబిడ్స్.

1998. పదో తరగతి పరీక్షలైపోయాయి. ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసుంటాయి, ఆ మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. ఇక్కడ సగం మంది చదువు అక్కడే అయ్యుంటుంది. నేనూ, మా వీధిలో ఇంకొకడు, జీపీఓ దగ్గర బస్సు దిగి ఒక చివర్నించి మొదలుపెట్టేవాళ్లం. వాడు మార్వెల్, నేను డీసీ. ఎందుకంటే వాడు దూరదర్శన్‌లో స్పైడర్‌మాన్ కార్టూన్ చూసి పాడైపోయాడు, నేను అద్దె పుస్తకాల షాపులో దొరికిన ఒకే ఒక్క బ్యాట్‌మాన్ చదివి పాడైపోయాను. సిద్ధాంతాలేం లేవు. మీలో ఎవరైనా మీ హీరోని ఆలోచించి ఎంచుకున్నారా?

ఆరోజు ఒక ప్లాస్టిక్ పట్టా మీద, ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ గైడ్ల కింద సగం కనపడుతోంది ఈ సూపర్ సోల్జర్ పుస్తకం. లాగాను. ఒకాయన నిలబడ్డాడు, చేతిలో డాలు. డాలు చూస్తే సూపర్‌మాన్ గుండెల మీదుండే గుర్తు, అదే ఆకారం. నాకు మొదట ఏమనిపించిందో చెప్పనా? నకిలీ. కోఠీలో అడిడాస్ బదులు అడిబాస్ అని బూట్లు అమ్మేవాళ్లు గుర్తుందా, ఆ బాపతు. మావాడు పుస్తకం తిప్పి కంపెనీ పేరు చూశాడు. అమాల్గమ్. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాకు ఆ మాట కెమిస్ట్రీలోనే తెలుసు, సోడియం అమాల్గం, నాలుగు మార్కుల ప్రశ్న. పాదరసం పేరుతో కామిక్స్ కంపెనీ ఏమిటి?

“అస్లీ హై క్యా?” అన్నాడు మావాడు.

ఆ అమ్మేవాడు మమ్మల్ని పైకీ కిందకీ చూసి, “దస్ రూపాయ్ మే అస్లీ చాహియే తుమ్కో?” అన్నాడు.

ఎనిమిదికిచ్చాడు. బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, చెరో పేజీ అంచు పట్టుకుని చదివాం. వాడు నాకన్నా వేగంగా చదివేవాడు, పేజీ తిప్పేవాడు, నేను వెనక్కి తిప్పేవాణ్ణి. చిక్కడపల్లి వచ్చేసరికి మూల కొంచెం చిరిగింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పుస్తకాల్లో ఫలానా సంఘటన ఫలానా పాత సంచికలో జరిగింది చూడండి అన్నట్టు రాస్తారు. ఏళ్ల తరబడి వస్తున్న పత్రికలా నడుపుతారు. ఉత్తరాల పేజీ ఉంటుంది. అందులో పాఠకులు పాత కథల్ని తలుచుకుంటారు. ఆ రోజులే వేరు, అప్పటి కథలే కథలు అంటూ. ఎడిటర్ జవాబిస్తాడు. చదువుతుంటే ఏమనిపిస్తుంది? అబ్బో, ఈ అమాల్గమ్ ఎన్నో దశాబ్దాల కంపెనీ, మనకే తెలియలేదు అనిపిస్తుంది.

ఒక్కటి కూడా నిజం కాదు. ఆ పాత సంచికలు లేవు. ఎప్పుడూ లేవు. ఉత్తరాలు వాళ్లే రాసుకున్నారు. లేని కథల్ని, లేని పాఠకుల పేర్లతో, కళ్లనీళ్లు పెట్టుకుని తలుచుకున్నారు. మన వారపత్రికల్లో కూడా ఉత్తరాలు కొన్ని లోపలివాళ్లే రాసేవారని ఒక మాట ఉంది. అక్కడ మూడో వరసలో పాత సబ్ ఎడిటర్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు కాబట్టి నేనింకేమీ అనను.

అమెరికా పాఠకుడికి ఇది ఎకసెక్కమని వెంటనే తెలిసిపోతుంది. వాడి దగ్గర ముందు సంచికలన్నీ ఉన్నాయి, ఏది ఉందో ఏది లేదో వాడికి తెలుసు. మాకెలా తెలుస్తుంది? ఆలోచించండి. మేం చదివిన ప్రతి కామిక్కూ అలాంటిదే కదా! ఆబిడ్స్‌లో దొరికింది నలభై ఏడో సంచిక. నలభై ఆరు ఎప్పటికీ దొరకదు, నలభై ఎనిమిది అసలే దొరకదు. అందులో కింద చిన్న గడిలో ‘నలభై మూడు చూడండి’ అని ఉంటుంది. ఎక్కడ చూడను నాయనా? చందమామ సీరియల్ ఒక నెల తప్పిపోతే పక్కింటికి వెళ్లి అడగొచ్చు. ఇది ఎవర్నడగాలి? అంచేత మాకు నిజంగా వచ్చి మాకు దొరకని సంచికకీ, అసలు రానే రాని సంచికకీ తేడా లేదు. రెండూ ఒక గడిలో రాసిన ఒక నంబరు. మిగతాది మేమే ఊహించుకోవాలి. వాళ్లు రెండేళ్లు సరదాకి చేసింది మేం చిన్నతనమంతా చేశాం. మా లెక్కలో కామిక్స్ అన్నీ అమాల్గమే.

ఇక అబద్ధం. ఆ పుస్తకం కొన్న పదిహేను రోజులకి మావాడికీ నాకూ పందెం. నీకు సూపర్ సోల్జర్ గురించి ఏం తెలుసు, నువ్వూ ఆ ఒక్కటే కదా చదివింది అన్నాడు. పౌరుషం వచ్చింది. లేదురా, నేను పాతది ఒకటి చదివాను, మా పిన్నివాళ్లింట్లో ఉంది, విజయవాడలో అన్నాను. విజయవాడ అంటే వాడు వెళ్లి చూడలేడు కదా. ఏముంది అందులో అన్నాడు. ఇంక మొదలుపెట్టాను. మంచు సముద్రం. సబ్‌మెరైన్. యంత్రం వస్తోంది. సబ్‌మెరైన్‌లో ఒక కుక్క ఉంది. ఎందుకుంది? మా ఇంట్లో అప్పుడు ఒక ఊరకుక్క ఉండేది, అందుకని. ఆ కుక్కకి మందు చుక్క ఒకటి తగిలింది, దానికీ శక్తులొచ్చాయి. సూపర్ సోల్జర్ మంచులో కూరుకుపోతుంటే కుక్క ఆయన డాలు నోట కరుచుకుని లాగింది. లాగలేకపోయింది. ఆఖరి బొమ్మలో మంచు మీద డాలు, డాలు మీద కుక్క కూర్చుని ఉంటుంది. కింద ‘సశేషం’.

మా అరుగు మీద కూర్చుని చెప్పాను. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “కుక్క ఏమయింది?” అన్నాడు.

“నెక్స్ట్ ఇష్యూ మావాళ్లింట్లో లేదు,” అన్నాను.

తర్వాత ఇంటర్, ఎంసెట్, కామిక్స్ అటకెక్కాయి. మావాడు అమెరికా వెళ్లాడు. 2003లో, నెట్ సెంటర్లో గంటకి ఇరవై రూపాయలిచ్చి ఉద్యోగాలు వెతుకుతూ, ఉద్యోగాలు వెతకడం విసుగొచ్చి, అమాల్గమ్ అని కొట్టాను. అప్పుడు తెలిసింది ఇప్పటిదాకా మీకు చెప్పినదంతా. పాత సంచికలు లేవని, ఉత్తరాలు ఉత్తుత్తివని. మొదట కోపమొచ్చింది. ఎనిమిది రూపాయలు పెట్టి కొన్నవాణ్ణి! తర్వాత ఒంటరిగా ఆ కుర్చీలో కూర్చుని నవ్వొచ్చింది. వాళ్లు నన్ను మోసం చేశారు, నేను మావాణ్ణి మోసం చేశాను, ఇద్దరం ఒకే పద్ధతిలో చేశాం.

ఆ కథల్లో డాక్టర్ స్ట్రేంజ్‌ఫేట్ అని ఒకడుంటాడు. మార్వెల్ మాంత్రికుడు డాక్టర్ స్ట్రేంజ్, డీసీ మాంత్రికుడు డాక్టర్ ఫేట్, పైగా లోపల ఎక్స్‌మెన్ గురువు ప్రొఫెసర్ ఎక్స్, ముగ్గురి ముద్ద. ఆ కలిసిపోయిన లోకంలో అందరూ ఇదే అసలు లోకమనుకుంటూ తిరుగుతుంటారు. ఇది అతుకుల లోకమని అతనికి తెలుసు. తెలిసి ఏం చేస్తాడు? విడదీయడానికి వచ్చినవాడిని అడ్డుకుంటాడు. దీన్ని ఇలాగే ఉండనివ్వండి అంటాడు. చిన్నప్పుడు వాడు విలన్ అనుకున్నాను.

పెరెజ్ సంగతి చెబుతానన్నాను. ఆయన ఇరవై ఏళ్లు ఆగాడు. 2003, 2004లో జస్టిస్ లీగ్, అవెంజర్స్ కథ నాలుగు సంచికలుగా నిజంగానే వచ్చింది, కర్ట్ బ్యూసిక్ రాశాడు, పెరెజే గీశాడు. మూడో సంచిక అట్ట మీద రెండు వందల మందికి పైగా ఉంటారు. అది గీస్తూ గీస్తూ చెయ్యి దెబ్బతింది. ఆయనకి క్యాన్సరని తెలిసి, 2022లో రెండు కంపెనీలూ ఒప్పుకుని ఆ పుస్తకం ఏడు వేల కాపీలు మళ్లీ వేశాయి, అవసరంలో ఉన్న కళాకారులకి సాయపడే సంస్థ ద్వారా. ఆ మే నెలలోనే ఆయన పోయాడు. నేను ఆ ఏడు వేలలో ఒకటి కొనలేకపోయాను. అడిగేలోపే అయిపోయాయి.

తర్వాత మళ్లీ గాలి మారింది. 2024లో అమాల్గమ్ పుస్తకాలన్నీ కలిపి ఒక లావుపాటి సంపుటం వేశారు, పిల్లాడి నెత్తిన పడితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 2025లో బ్యాట్‌మాన్, మార్వెల్ వాళ్ల డెడ్‌పూల్ కలిసి కొత్త కథలే వచ్చాయి, ఒకటి వాళ్లు వేశారు, ఒకటి వీళ్లు వేశారు. స్కేలు ఇంకా ఉంది.

మావాడు న్యూజెర్సీలో ఉంటాడు. ఆ లావు సంపుటం రాగానే కొన్నాడు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు, వాళ్లకి రాత్రి, మనకి పొద్దున, నేను ఆఫీసుకి బయల్దేరుతున్నాను. స్పీకర్లో పెట్టి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. వాడు పేజీలు తిప్పుతున్న చప్పుడు వినపడుతోంది.

“ఒరేయ్, మొత్తం చూశాను,” అన్నాడు. “మన సూపర్ సోల్జర్ ఉంది, అన్నీ ఉన్నాయి. కుక్క ఇష్యూ వేయలేదురా వీళ్లు.”

నేను గుండీ పెట్టుకోవడం ఆపాను. ఏం చెప్పాలి? మీరైతే ఏం చెప్పేవారు?

“నీకు బాగా గుర్తుందా అది?” అన్నాను.

“గుర్తుండకపోవడమేంట్రా,” అన్నాడు, “ఆబిడ్స్‌లో కలిసే కదా కొన్నాం. డాలు మీద కూర్చుంటుంది చూడు. నా దగ్గర చాలా రోజులు ఉంది ఆ పుస్తకం, ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. హక్కుల గొడవ అయ్యుంటుంది, అందుకే వదిలేసుంటారు.”

“అయ్యుంటుంది,” అన్నాను.